నాలుక కింద గుండీ

నూట తొంభై రెండు మెట్లు. పొద్దున ఏడింటికి ఎక్కితే మళ్ళీ మూడింటికి దిగడమే. మధ్యలో కాలు నేల మీద పెట్టిన దాఖలా గానీ, చుక్క నీళ్ళు తాగిన దాఖలా గానీ ఇరవై ఆరేళ్ళుగా లేదు. అందుకే సైటులో ఆయనకి ఒంటె అని పేరు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు. తెలిస్తే కోప్పడతాడేమోనని చూశారు. కోప్పడలేదు సరికదా, మీసం దువ్వుకున్నాడు. ఆ తర్వాత ఎదురుగానే అనడం అలవాటైపోయింది. ఆ పేరు ఇంట్లో తెలిసిన రోజున ఆయన భార్య, "బాగుంది. ఇన్నాళ్ళూ మనిషినే కట్టుకున్నాననుకున్నాను" అని చేతిలో గిన్నె కింద పెట్టి మరీ నవ్వింది.

ఆయన నడిపేది టవర్ క్రేను. పద్నాలుగు అంతస్తుల కట్టడం పక్కన నిటారుగా లేచిన ఇనుప స్తంభం, దాని కొసన అడ్డంగా చాచిన పొడవాటి చెయ్యి, ఆ రెండూ కలిసేచోట ఒక అద్దాల క్యాబిన్. అందులో ఒక కుర్చీ, కుర్చీకి అటొక మీట, ఇటొక మీట. పాదాల కింద కూడా అద్దమే. అక్కణ్ణించి చూస్తే కింద మనుషుల పసుపుపచ్చ టోపీలు శనగబద్దల్లా ఉంటాయి. ఆ బద్దల మధ్య నుంచి ఎనిమిది వందల కిలోల ఇనుప చువ్వల కట్టని లేపి, నిండు గ్లాసు బల్ల మీద పెట్టినంత మెత్తగా పదో అంతస్తు మీద పెట్టేవాడు. చప్పుడు ఉండేది కాదు. "ఒంటె దించితే కట్టకి కూడా తెలియదు దిగానని" అనేవాళ్ళు.

నీళ్ళు తాగకపోవడానికి ఆయన దగ్గర ఒక కిటుకు ఉంది. చొక్కా గుండీ ఒకటి నాలుక కింద పెట్టుకునేవాడు. తెల్లది, నాలుగు కన్నాలది. అది అటూ ఇటూ కదులుతుంటే నోట్లో తడి ఊరుతూ ఉంటుంది. తడి ఉంటే దాహం లేదని ఆయన లెక్క. దాహం లేకపోతే నీళ్ళక్కర్లేదు, నీళ్ళు లేకపోతే దిగే పని లేదు. మూడింటికి దిగాక గుండీ తీసి జేబులో వేసుకుని, కుళాయి దగ్గర నిలబడి ఒక్క బిగిన సీసాన్నర తాగేసేవాడు. గడగడమని ఆ గొంతులో చప్పుడు వినడానికి పక్కవాళ్ళు ఆగేవాళ్ళు.

దీనికి మూలం ఒక నవ్వు. ఆయనకి ముప్పై రెండేళ్ళప్పటి మాట. అప్పుడూ ఇప్పుడూ ఒకటే నియమం: క్రేను వదిలి దిగేవాడు ఎందుకు దిగుతున్నాడో వాకీటాకీలో చెప్పి మరీ దిగాలి. హుక్కు కిందికి ఎవరూ రాకుండా, మీటలు ఇంకెవరూ ముట్టుకోకుండా, అందరికీ తెలియాలి కనక. అందరూ అంటే అందరూ. చానెలు ఒకటే, చెవులు నలభై. ఆ రోజు కాంక్రీటు పని మంచి ఊపులో ఉండగా ఆయన, "దిగుతున్నానండీ, ఒకటికి" అన్నాడు. మేస్త్రి గొంతు వినిపించింది. "ఒరేయ్, రేపట్నుంచి వీడికి లంగోటీ కట్టి పంపండిరా!" నలభై సెట్లలోనూ నవ్వు. మెట్లు దిగుతున్నంతసేపూ ఆ నవ్వు ఆయన నడుముకి కట్టుకున్న సెట్టులోంచి వినబడుతూనే ఉంది. మళ్ళీ ఎక్కాడు. ఆ తర్వాత ఎప్పుడూ మధ్యలో దిగలేదు. ఆ మేస్త్రి ఎప్పుడో పని మానేసి వెళ్ళిపోయాడు. అతని మాట మటుకు ఎక్కడికీ వెళ్ళలేదు.

సైటులో ఇంకో క్రేను కూడా ఉంది. దాన్ని నడిపే ముప్పై అయిదేళ్ళ మనిషిని అందరూ రెండో క్రేను అనే పిలుస్తారు. అతనికి ఒంటె అంటే గురి. ఈ మధ్య అతని దవడలో కూడా ఏదో కదులుతోందని ఒంటె గమనించాడు. "ఏంట్రా అది?" అంటే నాలుక చాచి చూపించాడు. నీలం గుండీ. ఒంటె అతని భుజం తట్టాడు. ఆ తట్టడం తర్వాత చాలా రోజులు ఆయన్ని బాధపెట్టింది.

*

అది ఎండలు ముదిరిన కాలం. ఒంటె ఇంట్లో మనవరాలికి రెండు రోజులుగా విరేచనాలు. పాపకి పది నెలలు. కూతురు నీళ్ళు పరీక్షించే ల్యాబులో పనిచేస్తుంది. బిడ్డ కోసం సెలవు పెట్టి ఆ నెల పుట్టింట్లో ఉంది. పుట్టుకతోనే కొలతల మనిషి. చిన్నప్పుడు పంచదార డబ్బాలో చెంచాని గీతకి సమంగా నింపి, పైన వేలితో చదును చేసి మరీ పాలల్లో వేసుకునేది.

ఆ సాయంత్రం ఒంటె ఇంటికి వచ్చేసరికి కూతురు గచ్చు మీద కూర్చుని, ఒళ్ళో పాపని పడుకోబెట్టుకుని, చెంచాతో ఓఆర్‌ఎస్ నీళ్ళు పోస్తోంది. ఒక చెంచా పోసి, గడియారం చూసి, ఇంకో చెంచా. గోడ మీద ఒక కాగితం, దాని మీద పెన్సిలు టిక్కులు.

"ఇదేంటే, చెంచాతో సముద్రం నింపుతున్నావా? గ్లాసుతో పట్టించెయ్యక" అన్నాడు.

"గ్లాసుతో పడితే కక్కేస్తుంది నాన్నా. నిమిషానికో చెంచా. నిలవడం ముఖ్యం."

"ఆ టిక్కులేంటి?"

"తడిసిన లంగోటీలు. పొద్దుట్నుంచి నాలుగే. ఆరుండాలి." ఆమె పాప పెదవి తుడిచింది. "ఏడిస్తే కన్నీళ్ళొస్తున్నాయా, నోరు తడిగా ఉందా, మాడు మీద గుంట పడిందా, అన్నీ చూస్తున్నాను. ఇవన్నీ ఒకెత్తు, ఆ టిక్కులొకెత్తు. లోపల నీళ్ళుంటేనే బయటికొస్తాయి కదా."

లంగోటీ అన్న మాట దగ్గర ఒంటె ముఖం ఒకసారి బిగుసుకుంది. ఆమె చూడలేదు. చెంచా నింపుతూ ఊరికే అడిగింది.

"నువ్వెన్నిసార్లు వెళ్ళావు నాన్నా ఇవాళ?"

"చాల్లే! నేనేమన్నా పాలు తాగే పిల్లనా?"

"చెప్పు."

"నన్ను కూడా గోడకెక్కిస్తావా ఏంటి?" అని లేచి లోపలికి పోయాడు. వంటింట్లోంచి భార్య, "ఒంటెకి టిక్కులు పెడితే కాగితం తెల్లగానే ఉంటుందమ్మా" అంది. నవ్వారు. ఆ మాట అక్కడితో తేలిపోయింది.

తెల్లవారకముందే ఒంటెకి కడుపులో మెలిపెట్టింది. మూడుసార్లు వెళ్ళాడు, నీళ్ళలా. పాపని ఎత్తుకున్న చేతులే అన్నం తిన్నాయి కదా. అంటుకుని ఉంటుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే కూతురు పనికి పోనివ్వదు. ఆ వారం పదో అంతస్తు పైకప్పు పని, ఒక్క రోజు ఆగినా అరవై మంది ఖాళీగా కూర్చుంటారు. ఆయన తనకి తోచిన మందు తను వేసుకున్నాడు: ఏమీ తినలేదు, చుక్క నీళ్ళు తాగలేదు. లోపల ఏమీ లేకపోతే బయటికి వచ్చేదేముంటుంది? క్రేను మీద కూర్చునేవాడికి తప్ప ఇంకెవరికీ ఆ వైద్యం తోచదు. గుండీ నాలుక కింద పెట్టుకుని మెట్లెక్కాడు. నూటయాభయ్యో మెట్టు దగ్గర ఎప్పుడూ ఆగనివాడు ఆ రోజు ఆగాడు.

*

కింద నిలబడి ఒంటెకి కళ్ళుగా ఉండేది విజిల్ అక్క. మెడలో ఈల, చేతిలో వాకీటాకీ. ఏ కట్ట ఎక్కడికి పోవాలో చెప్పేది ఆమే. నలభై రెండేళ్ళ మనిషి. ఇద్దరు కొడుకుల్ని ఒంటిచేత్తో పెంచింది. ఆమె ఒక మాట చెబితే పైనున్నవాడు ఆ మాటని తిరిగి పలికి, అప్పుడు మీట తిప్పాలి. "మెల్లగా" అంటే "మెల్లగా". "ఆపు" అంటే "ఆపు". పన్నెండేళ్ళుగా ఆ ఇద్దరూ అలా ఒకళ్ళ మాట ఒకళ్ళు పలుకుతున్నారు.

ఆ రోజు పదకొండు దాటాక ఒంటె తిరిగి పలకడం మానేశాడు. ఆమె "ఎడమకి" అంటే కొంచెం ఆగి చెయ్యి ఎడమకి తిరిగేది. మాట వచ్చేది కాదు.

"బాబాయ్ గారూ, నోట్లో గుండీతో పాటు మాట కూడా మింగేశారా?"

కాసేపటికి, "ఊఁ, చెప్పు" అన్నాడు విసుగ్గా. ఆమెతో ఆయన ఎప్పుడూ విసుక్కోలేదు.

పైన క్యాబిన్ కుంపటిలా ఉంది. ఫ్యాను వేడిగాలినే తిప్పుతోంది. ఒంటెకి తల లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టుంది. గుండీ ఎప్పుడు ఎండిపోయిందో తెలియదు. అంగిలికి అతుక్కుంటే వేలితో పెకలించి తీసి జేబులో వేసుకున్నాడు. గుండె గబగబా కొట్టుకుంటోంది. పిక్కలు పట్టేస్తున్నాయి. చిత్రమేమిటంటే దాహం వెయ్యడం లేదు. అదే ఆయనకి ధైర్యం. దాహమే లేదు కదా, ఇంకేమవుతుంది?

పన్నెండున్నరకి చువ్వల కట్ట పదో అంతస్తు మీద దిగుతోంది. విజిల్ అక్క "ఆపండి" అంది. కట్ట దిగుతూనే ఉంది. "ఆపండి!" అని అరిచి ఈల ఊదింది. అప్పుడు ఆగింది. చువ్వల కొస ఊగి ఒక పనివాడి టోపీకి తగిలింది. టోపీ ఎగిరిపోయింది. అతను కూలబడి రెండు చేతులతో తల తడుముకున్నాడు. తల ఉంది. బెత్తెడు, అంతే తేడా.

విజిల్ అక్క గొంతు నెమ్మదిగా వచ్చింది. "బాబాయ్ గారూ. కట్ట నేలకి తెద్దాం. నేను చెప్పిన ప్రతి మాటా మీరు పలకాలి. పలక్కపోతే చెయ్యొద్దు. పైకి."

"పై... కి."

అలా ఒక్కొక్క మాటా పలికించి కట్టని నేల మీద పెట్టించింది. బ్రేకు వేయించింది. తాళంచెవి తీయించింది. తర్వాత, "ఇక దిగండి" అనబోయి ఆగిపోయింది. నూట తొంభై రెండు మెట్లు. ఈ మనిషి ఎలా దిగుతాడు?

ఆ సంగతి ఒంటెకి అంతకుముందే అర్థమైంది. లేచి నిలబడగానే కళ్ళ ముందు నల్లటి తెర దిగింది. వంగి నేల తలుపు తెరిచి ఒక కాలు మొదటి మెట్టు మీద పెట్టాడు. కమ్మీని పట్టుకున్న వేళ్ళు వాటంతటవే ముడుచుకుపోయి, విప్పితే రాలేదు. కాళ్ళ సందున మెట్లు కిందికి, కిందికి పోతున్నాయి. ఇరవై ఆరేళ్ళు మధ్యలో దిగనని పంతం పట్టాడు. ఇప్పుడు దిగాలనుకుంటే దిగలేడు. కాలు వెనక్కి లాక్కుని క్యాబిన్ గోడకి చేరగిలబడ్డాడు. మనవరాలి ముఖం గుర్తొచ్చింది. ఏడుపు రావాలి, రాలేదు. కళ్ళు పొడిగా మండాయి.

అప్పుడు ఫోను మోగింది. కూతురు.

"నాన్నా! ఇవాళ ఆరోది! ఇప్పుడే తడిపింది! నవ్వుతోంది కూడా!"

"మంచి... దమ్మా."

"గుండీ తీసి మాట్లాడు నాన్నా."

"తీసే... శాను."

ఆ తర్వాత ఆమె గొంతు మారిపోయింది. ఒకదాని వెంట ఒకటి అడిగింది. ఎక్కడున్నావు? తల తిరుగుతోందా? చెమట పడుతోందా? చివరిసారి ఒకటికి ఎప్పుడెళ్ళావు? ఆయన దేన్నీ దాచలేదు. దాచే ఓపిక కూడా లేదు. తెల్లవారుజామున విరేచనాలన్న మాట విని ఆమె "అయ్యో నాన్నా" అంది, అంతే. తర్వాత, "పాపకి ఎన్ని పళ్ళొచ్చాయి?" అని అడిగింది.

ఈ పిల్లకి మతిపోయిందా అనుకున్నాడు. "మూడున్నర" అన్నాడు.

"సరే. మతి నిలకడగానే ఉంది. అద్దాలున్న వైపు వదిలి నీడ పడే మూలకి జరుగు. చొక్కా విప్పెయ్. కింద ఎవరున్నారు?"

*

విజిల్ అక్క అప్పటికే రక్షణ దళానికి కబురు చేసింది. తాళ్ళతో వచ్చేసరికి ముప్పావుగంట పడుతుందన్నారు. ఆమె ఆగలేదు. వీపు మీద సంచిలో రెండు లీటరు సీసాల నీళ్ళు, మందుల పెట్టెలోంచి ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, తడిపిన తువ్వాలు. జన్మలో క్రేను ఎక్కని మనిషి. మెట్ల మధ్య ప్రతి విరామపు పలక దగ్గరా ఆగి, కళ్ళు మూసుకుని, మళ్ళీ ఎక్కింది. పైకి వచ్చి నేల తలుపులోంచి తల పెట్టగానే, "ఇంత ఎత్తున కూర్చుని మా మీద పెత్తనం చేస్తున్నారా!" అంది రొప్పుతూ. ఆయన పెదవులు కదిలాయి. నవ్వుదామనుకున్నాడేమో.

ఫోను స్పీకరు నొక్కి, కూతురి మాట ఇద్దరికీ వినిపించేలా పక్కన పెట్టారు. విజిల్ అక్క ఒక ప్యాకెట్ చింపి సీసాలో వేసింది. మనిషి పాలిపోయి ఉన్నాడు, గట్టిగా ఉంటే మంచిదని రెండో ప్యాకెట్ కూడా చింపబోయింది.

"ఎన్ని వేస్తున్నారక్కా?"

"రెండు. బలంగా ఉంటుందని."

"వద్దు, వద్దు! లీటరుకి ఒక్కటే. ఉప్పు ఎక్కువైతే అది ఒంట్లో నీళ్ళనే ఇంకా లాగేస్తుంది. మేలు చేయబోయి కీడు చేస్తాం. ప్యాకెట్ దొరక్కపోతే కూడా ఇంతే. లీటరు మంచినీళ్ళకి ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, గీతకి సమంగా. చేతికొచ్చినంత కాదు."

తడి తువ్వాలు మెడ మీద, చంకల్లో పెట్టారు. సీసా మూతే చెంచా అయింది. ఒక మూత. కాసేపు ఆగి ఇంకో మూత. నాలుగో మూతకి ఒంటె లోపల ఏదో మేల్కొంది. పొద్దుట్నుంచి లేని దాహం ఒక్కసారిగా పులిలా లేచింది. సీసా లాక్కున్నాడు. విజిల్ అక్క పట్టుకునే లోపల పావు సీసా గడగడా తాగేశాడు. మూడింటి అలవాటు. రెండు నిమిషాలు కాలేదు, తాగిందంతా, దాంతో పాటు ఇంకొంత పసరూ కక్కేశాడు. తల గోడకి కొట్టుకుంది.

"అయిపోయిందమ్మా, అంతా పోయింది" అంది విజిల్ అక్క ఫోనులోకి. మొదటిసారి ఆమె గొంతులో భయం.

"పోనీ అక్కా. పది నిమిషాలు ఏమీ ఇవ్వొద్దు. తర్వాత మళ్ళీ మొదలుపెడదాం, ఇంకా నెమ్మదిగా. సీసా మీ చేతిలోనే ఉంచుకోండి." తర్వాత గొంతు తగ్గించి అంది. "ఒక్కటి మాత్రం చూస్తుండండి. మాట తేడాగా వచ్చినా, నేనడిగినదానికి పొంతన లేకుండా చెప్పినా, చెమట ఆగి ఒళ్ళు కాలిపోతున్నా, ఈ మూతలు పని చెయ్యవు. నోట్లో ఏమీ పొయ్యొద్దు. తాళ్ళవాళ్ళు రాగానే ఆస్పత్రికే."

ఆ పది నిమిషాలు ముగ్గురూ లెక్కపెట్టారు. ఫోనులోంచి పాప ఊఁ ఊఁ అంటోంది. కింద సైటంతా ఆగిపోయి ఉంది. కాంక్రీటు మిక్సర్లు తిరగడం లేదు. పసుపు బద్దలన్నీ తలెత్తి చూస్తున్నాయి. ఇరవై ఆరేళ్ళలో అంత నిశ్శబ్దం ఆ ఎత్తున ఆయన వినలేదు.

మళ్ళీ ఒక మూత. నిలిచింది. ఇంకోటి. నిలిచింది. మధ్యమధ్యలో కూతురు అడిగేది. "నాన్నా, నా పెళ్ళిలో నువ్వెక్కడ జారిపడ్డావు?" "మీ అత్తగారి ముందు." "పాప మొట్టమొదట ఎవర్ని చూసి ఏడ్చింది?" "నన్నే. మీసం చూసి." విజిల్ అక్క ముఖం పక్కకి తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

రక్షణ దళం వచ్చింది. ఇద్దరు పైకెక్కి, చూసి, మనిషి కోలుకుంటున్నాడనీ, కాళ్ళు కొంచెం నిలిస్తే నడుముకి తాళ్ళు కట్టి మెట్ల మీదుగానే దించడం మంచిదనీ అన్నారు. కింది పలక మీద కూర్చుని ఎదురుచూశారు. పిక్కల పట్లు వదిలాయి. నుదుటి మీద సన్నగా చెమట పట్టింది. సీసాలో మూడొంతులు అయిపోయేసరికి రెండున్నర అయింది. అప్పుడు ఒంటె ఇబ్బందిగా కదిలాడు. విజిల్ అక్కకి అర్థమైంది. తువ్వాలు తడుపుతూ ఖాళీ చేసిన రెండో సీసా ఆయన చేతికిచ్చి, తను అద్దం వైపు తిరిగి నిలబడింది.

"కానివ్వండి."

"అమ్మాయ్..."

"ఇద్దరు మగపిల్లల్ని పెంచాను బాబాయ్ గారూ. దీనికోసం ప్రాణాలు తీసుకునేవాణ్ణి మాత్రం ఇప్పుడే చూస్తున్నా. కానివ్వండి."

ఆయన సీసా అందుకున్నాడు. కన్నీళ్ళు వచ్చాయి. ఈసారి నిజంగానే తడిగా వచ్చాయి.

"వచ్చిందమ్మా" అంది విజిల్ అక్క ఫోనులోకి. "కొంచెమే. ముదురు టీ నీళ్ళ రంగు."

అవతల కూతురు ఏడుస్తోంది. పాప కూడా అది విని రాగం అందుకుంది.

*

నూట తొంభై రెండు మెట్లూ గంటసేపు దిగారు. నేల మీద కాలు పెట్టిన వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మూడు రోజులు సెలైను ఎక్కించారు. డాక్టరు రక్తపరీక్ష కాగితాలు తిరగేసి, మూత్రపిండాలకి దెబ్బ తగిలిందన్నాడు. చాలావరకు తేరుకుంటాయి. పూర్తిగా అంటే చెప్పలేనన్నాడు.

"ఇది మొన్నటి ఒక్క రోజుది కాదు పెద్దాయనా, పాతది కూడా ఉంది. ఏం పని చేస్తారు?"

కూతురు గుండీ సంగతి చెప్పింది. డాక్టరు కాగితాలు పక్కన పెట్టాడు. "వయసు మీద పడే కొద్దీ దాహం ఆలస్యంగా వేస్తుంది. వేసినప్పుడు తాగుదాంలే అంటే అప్పటికే లోటు పడిపోయి ఉంటుంది. రంగు చూసుకోండి. లేత గడ్డి రంగులో ఉంటే ఒళ్ళు బాగున్నట్టు. ముదిరిందంటే తాగడం తగ్గినట్టు. ఎండలో పని ఉన్న రోజున గంటకోసారి కొంచెం కొంచెంగా. సాయంత్రానికి బాకీ పెట్టుకుని ఒక్కసారి తీరుద్దామంటే ఒళ్ళు ఒప్పుకోదు" అన్నాడు.

ఇంటికొచ్చిన రోజున గోడ మీద కాగితం ఇంకా అలాగే ఉంది. పాప టిక్కుల వరుస కింద, పెన్నుతో "నాన్న" అని రాసి, దాని పక్కన ఒకే ఒక్క టిక్కు. ఒంటె దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. భార్య నీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన నిలబడింది. జోకు వెయ్యలేదు. ఆయన గ్లాసు అందుకుని, ఒక గుక్క తాగి, ఆగి, ఇంకో గుక్క తాగాడు.

నలభై రోజుల తర్వాత పనిలోకి వెళ్ళాడు. వైద్యుడి కాగితం చూసి కంపెనీ వాళ్ళు ఒప్పుకున్నారు, మధ్యలో రెండుసార్లు దిగాలన్న షరతు మీద. ఇంట్లో ఆ షరతుకి తల ఊపాడు. ఊపడం వేరు. పొద్దున మెట్ల కింద నిలబడి పైకి చూస్తే, దిగేటప్పుడు చెప్పాల్సిన ఆ ఒక్క మాట గొంతులో అప్పుడే అడ్డం పడింది. ఇంకేదైనా చెప్పి దిగొచ్చు. తీగ చూసుకోవాలనొచ్చు, నూనె వెయ్యాలనొచ్చు. ఎవరడుగుతారు?

చొక్కా జేబు తడుముకున్నాడు. గుండీ లేదు. కూతురు తీసి పారేసింది, పాప మింగుతుందేమోనని. చేతిలో నీళ్ళ సీసా ఉంది.

పదిన్నర అయింది. సీసాలో సగం అయిపోయింది. కింద విజిల్ అక్కకి గుర్తుచెయ్యాలని ఉన్నా ఊరుకుంది. అవతల రెండో క్రేను చెయ్యి తిరుగుతోంది. ఆ క్యాబిన్ అద్దంలో మనిషి ఆకారం కనిపిస్తోంది. దవడ కదులుతుందో లేదో ఇంత దూరానికి కనబడదు. కానీ ఒంటెకి తెలుసు. నీలం గుండీ. తను భుజం తట్టిన గుండీ.

మీట వదిలి వాకీటాకీ అందుకున్నాడు.

"విజిలమ్మా. హుక్కు ఖాళీ. పైకి తీశాను. బ్రేకు వేశాను. తాళంచెవి తీశాను. దిగుతున్నాను."

నియమం ప్రకారం ఆమె అడగాలి. అడిగింది. "ఎందుకు బాబాయ్ గారూ?"

నలభై చెవులు. ఇరవై ఆరేళ్ళ కిందటి నవ్వు ఒకసారి ఆయన చెవుల్లో మోగింది. ఆగేదాకా ఉన్నాడు.

"ఒకటికి" అన్నాడు, స్పష్టంగా. "నీళ్ళు కూడా నింపుకోవాలి. రెండో క్రేను, వింటున్నావా? నీ నోట్లోది తియ్యరా. నేను చేసిందే తప్పు."

ఎవరూ నవ్వలేదు. తర్వాత విజిల్ అక్క, నియమం ప్రకారమే, ఆయన మాటని తిరిగి పలికింది.

"ఒకటికి. నీళ్ళకి. దిగండి."

ఒంటె నేల తలుపు తెరిచాడు. ఇరవయ్యో మెట్టు మీద ఉండగా నడుముకి కట్టుకున్న సెట్టులో ఇంకో గొంతు వినిపించింది. అది రెండో క్రేనుది. నోట్లో ఏమీ అడ్డం లేని గొంతు.

"రెండో క్రేను. హుక్కు ఖాళీ, బ్రేకు వేశాను. నేనూ దిగుతున్నా."

అవతల ఆ ఇనుప స్తంభం మీద చిన్న పసుపు బద్ద ఒకటి మెల్లగా కిందికి కదలడం ఒంటె చూశాడు. చూసి, తన మెట్టు తను వెతుక్కుని, కాలు పెట్టాడు.